డాష్‌బోర్డు మీది అప్పన్న

కొవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది జూలైలో నేను విశాఖపట్నంలోని ఒక లగ్జరీ కార్ల షోరూంలో, పాత కార్ల విభాగానికి సీనియర్ ఇవాల్యుయేటర్‌గా ఉన్నాను. అంతకుముందు అదే సంస్థ వర్క్‌షాపులో సర్వీస్ అడ్వైజర్‌గా, ఆపైన ఫ్లోర్ ఇన్‌ఛార్జిగా చాలాకాలం చేశాను. నడుము నొప్పి పట్టుకుని కార్ల కింద దూరే పని ఇక కుదరదని తేలాక, మేనేజ్‌మెంటు నన్ను పక్క భవనంలోకి మార్చింది. ఇవాల్యుయేటర్ అంటే అమ్మకానికి వచ్చిన కారును పరీక్షించి, దాని ధర ఇంతని తేల్చి, కొనవచ్చో లేదో సంతకం పెట్టి చెప్పేవాడు. ఆ సంతకం మీద సంస్థ కారు కొంటుంది. బాగుచేసి, మెరుగుపెట్టి మరొకరికి అమ్ముతుంది. మధ్యలో ఏదైనా తేడా వస్తే మొదటి పిలుపు నాకే.

మా దగ్గర ఎక్కువగా చేతులు మారేవి మిడ్‌సైజ్ లగ్జరీ సెడాన్లు. అంటే అదే కంపెనీ చిన్న కారు కంటే పెద్దవి, పెద్ద పారిశ్రామికవేత్తలు వెనక సీట్లో కూర్చుని తిరిగే పొడవాటి కారు కంటే చిన్నవి. కొత్తది కొనాలంటే చాలామందికి గుండె ఆగుతుంది. నాలుగైదేళ్ళు తిరిగినదైతే ధర బాగా దిగుతుంది, దర్జా మాత్రం అంతగా దిగదు. డాక్టర్లు, పోర్టులో క్లియరింగ్ ఏజెంట్లు, కాంట్రాక్టర్లు, మధురవాడ వైపు సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇందుకే మా దగ్గరికి వచ్చేవారు.

పరీక్షకు మా దగ్గర పెద్ద పట్టికే ఉండేది. పెయింట్ మందం కొలిచే పరికరాన్ని ప్రతి తలుపు మీదా ఆనించి చూస్తే, ఎక్కడ సొట్ట తీసి మళ్ళీ రంగు వేశారో తెలిసిపోతుంది. స్కానర్ తగిలిస్తే ఇంజిన్ తన రోగాలన్నీ చెప్పుకుంటుంది. ఈ ఊళ్ళో కారు ఏ పేటలో నిలబడిందో చెప్పడానికి ఏసీ ఫిల్టర్ ఒక్కటి చాలు. పోర్టు దగ్గరిదైతే బొగ్గు పొడితో నల్లగా, గాజువాక వైపుదైతే ఎర్రటి దుమ్ముతో వస్తుంది. బీచ్ రోడ్డు కారు అయితే ఫిల్టర్ శుభ్రంగా ఉండి, కింద బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి.

పట్టికలో లేని పరీక్ష ఒకటి నేను సొంతంగా పెట్టుకున్నాను. మా ప్రాంతంలో కారు కొన్నవాడు ముందు వెళ్ళేది సింహాచలం కొండ కిందికి. కొండ మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, అక్కడే ఒక చిన్న విగ్రహం కొని డాష్‌బోర్డు మీద పెట్టుకుంటాడు. ఏడాదిలో ఒక్క రోజు తప్ప చందనం పూతలోనే ఉండే స్వామి కాబట్టి, ఆ బొమ్మ కూడా చందనం రంగు ముద్దలాగే ఉంటుంది. ఇక్కడివాళ్ళు ఆయన్ను అప్పన్న అని ఇంటి మనిషిని పిలిచినట్టు పిలుస్తారు. ఇతర మతాలవారు వాళ్ళ శిలువో తాయెత్తో పెట్టుకుంటారు. కారు అమ్మేటప్పుడు మాత్రం దేవుణ్ణి ఎవరూ అమ్మరు. తాళాలు ఇచ్చే ముందు సొంతదారు తన చేత్తోనే దాన్ని తీసి, కళ్ళకద్దుకుని, జేబులో పెట్టుకుంటాడు. బేరం దగ్గర కరుకుగా మాట్లాడినవాళ్ళు కూడా ఆ క్షణంలో కాసేపు మెత్తబడటం నేను చాలాసార్లు చూశాను.

ఆ విభాగానికి వచ్చిన కొత్తలో ఒక కారు విగ్రహంతో సహా వచ్చింది. తెచ్చినవాడు సొంతదారు తమ్ముడు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయని కొనేశాం. వారం తిరక్కుండా అన్నగారు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు. తన కారు అమ్ముడుపోయిన సంగతే ఆయనకు తెలియదు. అప్పటి నుంచి, సొంతదారు విగ్రహం తీస్తే తప్ప నేను కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టలేదు. మా కుర్రాళ్ళు దీన్ని ‘దేవుడి క్లియరెన్స్’ అని వెక్కిరించేవారు. వెక్కిరిస్తూనే పాటించేవారు కూడా.

నేను చెప్పబోయే కారు అప్పలనాయుడిది. అది మా దగ్గరే కొన్నాడు, ఆ జూలైకి నాలుగైదేళ్ళ ముందు, అప్పటికే ఒక డాక్టరు గారు వాడిన ముదురు నీలం సెడాన్. అప్పలనాయుడిది సబ్బవరం దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు వెల్డరుగా చేరి, తరువాత గాజువాక ఆటోనగర్‌లో సొంతంగా ఫాబ్రికేషన్ షెడ్డు పెట్టాడు. షెడ్డులో అతనికి కుడిభుజం బావమరిది గోవిందు. కారు చూడటానికి ఇద్దరూ కలిసే వచ్చారు. టెస్ట్ డ్రైవ్‌కు తలుపు తీయగానే అప్పలనాయుడు చెప్పులు బయట విప్పి ఎక్కాడు. అక్కర్లేదండీ అని మా సేల్స్ కుర్రాడు వారిస్తే, “ఇంట్లోకి సెప్పులేసుకుని ఎల్తావేటి నువ్వు?” అని అడిగాడు.

డెలివరీ అయిన రోజే కొండ కిందికి వెళ్ళి, తిరుగు దారిలో విగ్రహం ఎక్కడ పెట్టాలో నన్ను అడగటానికి వచ్చాడు. డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుందని, ప్రమాదం జరిగితే అది పేలినట్టు విచ్చుకుంటుందని, దాని మూత మీద ఏదీ పెట్టకూడదని చెప్పాను. “ఆ బెలూను రాకపోయినా కాసేవోడు అప్పన్నే కదా బాబూ” అన్నాడు. చివరికి మధ్యలో, స్క్రీను వెనక చోటు చూపించాను. షెడ్డులో ఇనుముకు ఇనుము అంటించే రెండు ట్యూబుల జిగురు తెచ్చి, నా ముందే అక్కడ స్థిరం చేశాడు. ఇక ఇది ఊడి వస్తే కారుతో సహా రావాలని ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తరువాత సర్వీసుకు వచ్చినప్పుడల్లా నన్ను పలకరించి వెళ్ళేవాడు. కారును చంటిపిల్లలా చూసుకునేవాడు.

ఆ జూలైలో ఒక పొద్దున ఆ నీలం సెడాన్ మా ఆవరణలోకి వచ్చింది. దిగినవాడు గోవిందు ఒక్కడే. కారు అమ్మాలన్నాడు. మీ బావ రాలేదా అని అడిగితే, ఒంట్లో నలతగా ఉందని ముక్తసరిగా చెప్పాడు. పరీక్షలో కారుకు వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఫిల్టర్ మాత్రం గాజువాక ఎరుపే. డ్రైవరు సీటు ముందు చాప మీద చెప్పుల మరక కూడా లేదు. స్వామి ఉన్నచోటే ఉన్నాడు.

విగ్రహం తీసుకోమని గోవిందుకు చెప్పాను. అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. “మా బావ ఎట్టింది. ఆయనే తీయాల. నాను ముట్టుకోను” అన్నాడు. అయితే మీ బావను తీసుకురమ్మన్నాను. పూర్తి పరీక్షకు కారు మా దగ్గర ఉంచుకోవడం ఆనవాయితీ కాబట్టి, తాళం ఇచ్చి ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. పాత అన్నదమ్ముల వ్యవహారం నా మనసులో మెదిలింది. నాకు నచ్చిన మనిషి కారును అతనికి తెలియకుండా ఎవరో అమ్మేస్తున్నారన్న అనుమానంతో ఒళ్ళు మండిన మాట కూడా నిజం.

ఇక్కడ కొనేవారి సంగతీ చెప్పాలి. మధురవాడలో ఒక కాలేజీ లెక్చరర్, సుభద్ర గారు, కొన్ని నెలలుగా సరిగ్గా ఇలాంటి కారు కోసం మా దగ్గర పేరు రాయించుకుని ఉన్నారు. ఫోటో పంపగానే సరేనన్నారు. అమ్మేవాడు సిద్ధం, కొనేవారు సిద్ధం, కారు బంగారం. మధ్యలో నా నియమం అడ్డం నిలబడింది. మా జనరల్ మేనేజర్ ఫోను చేసి, దేవుడు ఎప్పుడు సంతకం పెడతాడని అడిగాడు.

మూడో రోజు గోవిందు సొంతదారు సంతకం చేసిన బదిలీ ఫారాలు తీసుకుని వచ్చాడు. బయట వాన దంచుతోంది. స్కూటీ మీద వచ్చినా చొక్కా తడవలేదు. రెయిన్‌కోటు విప్పి, దులిపి, మా వరండా గ్రిల్లుకు తగిలించి లోపలికి వచ్చాడు. ఫారాల మీది సంతకాన్ని మా పాత రికార్డుతో పోల్చి చూశాను. అప్పలనాయుడిదే, కాకపోతే గీతలు వణికాయి. ఈ సంతకం ఏ పరిస్థితిలో పెట్టించావని సూటిగా అడిగాను.

అప్పుడు చెప్పాడు. అప్పలనాయుడి గుండెలో రెండు కవాటాలు పాడయ్యాయి. ఆరిలోవ వైపు ఒక ఆసుపత్రిలో ఉన్నాడు. వచ్చేవారం ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. బీమా పోగా మిగిలిన సొమ్ము ముందే కట్టాలి. షెడ్డు అప్పటికే బ్యాంకు తాకట్టులో ఉంది. మిగిలింది కారు. అది అమ్మే మాట ఎత్తితే ఆపరేషనే వద్దంటాడని ఇంట్లోవాళ్ళ భయం.

“ముందే అనీసినాడండి. కారమ్మి నాకు వైద్దెం సేయిత్తే, మంచం మీంచి లేసి ఇంటికొచ్చేత్తానని. అందుకే ఇన్సూరెన్సు కాయితాలని సెప్పి సంతకం ఎట్టించినాం. మీకు దణ్ణం ఎడతాను, ఆయనకి తెలవనీకండి” అన్నాడు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

నా అనుమానం అక్షరాలా నిజమే అయింది. సొంతదారుకు తెలియకుండానే కారు అమ్ముతున్నారు. నియమం ప్రకారం అక్కడితో ఫైలు మూసేయాలి. మూస్తే మనిషికి ఆపరేషన్ ఆగుతుంది. సొంతదారును అడిగి తేల్చుకుందామంటే, ఆ అడగటమే ఆపరేషన్‌ను ఆపవచ్చు. అడగకుండా సంతకం పెడితే, మోసపోయిన సంతకం మీద కారు కొన్నవాణ్ణి అవుతాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ దారిలో వెళ్ళినా తప్పే అనిపించిన కేసు నాకు అదొక్కటే తగిలింది. కారు మాట ఎత్తను, కానీ మనిషిని ఒకసారి చూసి వస్తానని గోవిందుకు చెప్పాను. అతను వద్దనలేకపోయాడు.

మర్నాడు సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. పాత కస్టమరును పరామర్శించడానికి వచ్చినట్టే మాట్లాడాలని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను. అప్పలనాయుడు బాగా చిక్కిపోయాడు. కాళ్ళు మాత్రం వాచి ఉన్నాయి. మాట్లాడితే ఆయాసం. అతని భార్య, గోవిందుకు అక్క, నూకరత్నం నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. కుర్చీ వేస్తూ కళ్ళతోనే బతిమాలింది. నేను తలాడించాను.

కొంతసేపటికి గోవిందు వచ్చాడు. బయట మళ్ళీ వాన. నెత్తి మీంచి నీళ్ళు కారుతున్నాయి, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, నడిచిన మేరా తడి అడుగులు పడ్డాయి. నూకరత్నం లేచి, “మల్లీ తడిసిపోనావేట్రా” అంటూ కొంగుతో తల తుడిచింది. అతను కదలకుండా మంచం కాళ్ళవైపు నిలబడ్డాడు. అప్పలనాయుడు అతన్ని పైనుంచి కింద దాకా చాలాసేపు చూశాడు. తరువాత భార్యతో, ఈడికి ఒక తువ్వాలు కొని, వేడిగా ఏదైనా తాగించి తీసుకురా అన్నాడు. వాళ్ళిద్దరూ కిందికి వెళ్ళారు.

తలుపు మూసుకున్నాక నా వైపు తిరిగాడు.

“కారు మీ కాడే ఉందా బాబూ?”

గోవిందుకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అతను నవ్వబోతే దగ్గు వచ్చింది.

“మొన్నటిదాకా కార్లో వొచ్చేవోడు. మా ఆడదాన్ని దింపీవోడు, కేరేజీ తెచ్చీవోడు. నాలుగు రోజుల్నించి సూత్తన్నాను, తడిసి ముద్దైపోయి వత్తన్నాడు. కారుంటే తడుత్తాడేటి?”

సంతకం సంగతి అడిగాను. ఇక దాచి లాభం లేదు. ఆ మాట అడగడం నా ఉద్యోగధర్మం కూడా. సంతకం తనదేనని, చదవకుండా పెట్టలేదని అన్నాడు. మరి ఆపరేషన్ వద్దంటానన్నావట కదా అన్నాను.

“అన్నాను. అప్పుడు కాళ్ళ మీద ఉన్నాను, అన్నాను. ఇప్పుడు బతకాలనుంది బాబూ” అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు సిగ్గుపడ్డాడు.

అయితే వాళ్ళకు ఆ ముక్క చెప్పేయవచ్చు కదా, ఇద్దరి మనసూ తేలికపడుతుంది అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. తనకు తెలుసని చెబితే భార్య తన ముందే కూలబడి ఏడుస్తుందని, గోవిందు మొహం ఎత్తి చూడలేడని, అది చూస్తూ తాను ఆపరేషన్‌కు వెళ్ళలేడని ఆగి ఆగి చెప్పాడు. తెలియనట్టు పడి ఉంటే అందరికీ సుఖం అన్నాడు.

తరువాత నేను అడగకుండానే విగ్రహం మాట తెచ్చాడు.

“అప్పన్నని ఈడు తీయడు. ఈడికి సెయ్యాడదు, నాకు తెలుసు. మీరే తీసి మీ కాడ ఉంచండి. లాగితే రాడు. సన్నటి నైలాను తాడు ఆ అడుక్కి పోనిచ్చి రంపంలాగ కొయ్యండి, బేగి వచ్చేత్తాడు. నాను బతికితే వచ్చి పట్టుకెల్తాను. ఈల్లకి మాత్రం సెప్పకండి.”

సరేనన్నాను. నూకరత్నం, గోవిందు తిరిగి వచ్చేసరికి మేమిద్దరం వానల గురించి, సబ్బవరం వైపు నాట్లు పడ్డాయా లేదా అన్న విషయం గురించి మాట్లాడుకుంటున్నాం. వాళ్ళ మొహాల్లో భయం తగ్గింది. నేను మాట నిలబెట్టుకున్నానని అనుకున్నారు.

మర్నాడు పొద్దున, కుర్రాళ్ళు రాకముందే నేను షోరూంకు వెళ్ళాను. చేపల గాలం తాడు ఒకటి కొని తెచ్చుకున్నాను. కారు ఎక్కే ముందు, ఎందుకో తెలియదు, నేను కూడా చెప్పులు విప్పాను. అతను చెప్పినట్టే తాడును విగ్రహం అడుగుకు పోనిచ్చి అటూ ఇటూ లాగాను. ఆ జిగురు గట్టిదే. చెయ్యి నొప్పిపుట్టేదాకా కోస్తే గానీ విగ్రహం కదల్లేదు. ఒక కొత్త పసుపు గుడ్డలో చుట్టి, నా బీరువాలో పై అరలో పెట్టాను. సొంతదారు విగ్రహం తీయాలన్న నియమాన్ని నేను తప్పానో పాటించానో ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేను. సొంతదారు ఆజ్ఞ ప్రకారం తీశాను. ఆ రోజే కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టి, చెల్లింపు సాయంత్రానికల్లా జరిగేలా వెంటపడ్డాను. జనరల్ మేనేజరు కారణం అడగలేదు.

చెల్లింపు తీసుకోవడానికి వచ్చిన గోవిందు, చివరిసారి కారు లోపలికి తొంగి చూశాడు. డాష్‌బోర్డు మధ్యలో గుండ్రటి పాలిపోయిన జిగురు మచ్చ ఉంది. కొత్తవాళ్ళు తమ దేవుణ్ణి పెట్టుకుంటారని మా కుర్రాళ్ళు తీశారని, భద్రంగా నా దగ్గరే ఉంచానని చెప్పాను. ఇది మేము ఇచ్చే మామూలు జవాబు కాదు. మామూలుగా అయితే సొంతదారుకు ఇచ్చి పంపాలి. అతను నన్ను అదోలా చూశాడు. ఇవ్వమని అడగలేదు. నమస్కారం పెట్టి, గ్రిల్లు మీది రెయిన్‌కోటు తీసుకుని వెళ్ళిపోయాడు.

సుభద్ర గారు కారు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆ మచ్చ మీద వేలు పెట్టి అడిగారు. మా పాలిష్ వాళ్ళు ఎంత ప్రయత్నించినా అది పోలేదు. ఎవరి కారు, ఎందుకు అమ్మారు అన్నది కొనేవారు అడిగితే దాచకూడదు. ఆపరేషన్ ఖర్చు కోసం అని చెప్పాను. ఇక్కడ ఆ మాట విని వెనక్కి తగ్గినవాళ్ళను చూశాను, జబ్బు చేసిన ఇంటి కారు కలిసిరాదని. ఆమె మాత్రం మనిషి ఎలా ఉన్నాడని అడిగారు. నిన్ననే ఆపరేషన్ జరిగింది, స్పృహలోకి వచ్చాడట అన్నాను. “అయితే ఈ కారు పని చేసిపెట్టిందిగా” అని తాళం తీసుకున్నారు. ఆ తరువాత సర్వీసుకు వచ్చినప్పుడు గమనించాను, ఆమె తన వినాయకుణ్ణి పక్కకు పెట్టుకున్నారు. మచ్చ ఉన్నచోటు ఖాళీగానే వదిలారు.

అప్పలనాయుడు ఆపరేషన్ తరువాత ఏడాదికి పైగా బతికాడు. షెడ్డుకు వెళ్ళి కుర్చీలో కూర్చుని పని చెప్పేవాడట. నన్ను చూడటానికి ఒకసారి వచ్చాడు, గోవిందు స్కూటీ వెనక కూర్చుని, నెత్తిన హెల్మెట్‌తో. గోవిందు బండి నిలబెట్టడానికి పోగానే నేను బీరువా తెరవబోయాను. అతను చేత్తో ఆపాడు. “ఇంటికి పట్టుకెల్తే నాకు తెలుసని తెలిసిపోదేటి? కారు వర్కుషాపులో ఉందంట. జర్మనీ నుంచి పార్టు రావాలంట” అని చెప్పి నవ్వాడు. ఇంట్లో వాళ్ళు చెప్పిన ఆ అబద్ధాన్ని ఏడాదిగా అతను నమ్మినట్టే నటిస్తున్నాడు. విగ్రహం నా దగ్గరే ఉండిపోయింది. అతన్ని చూడటం నాకు అదే ఆఖరు.

మరుసటి వానాకాలం చివర్లో గోవిందు ఒక్కడే వచ్చాడు. బావ పోయాడని, దినాలు అయిపోయాయని చెప్పాడు. నిద్రలోనే పోయాడట, బాధపడలేదట. నేను ఓదార్పుగా ఏదో అన్నాను. అతను విగ్రహం ఇవ్వమని అడిగాడు. అక్క షెడ్డు గుమ్మం మీద పెట్టమన్నదట. పసుపు గుడ్డ విప్పకుండానే అతని చేతిలో పెట్టాను.

అప్పలనాయుడు పోయాడు కాబట్టి, ఇక దాచవలసిన అవసరం లేదనిపించింది. మీ బావకు కారు సంగతి మొదటి నుంచీ తెలుసయ్యా, ఆసుపత్రిలో నువ్వు తడిసి రావడం చూసి కనిపెట్టాడు, మీరు బాధపడతారని తెలియనట్టు ఉన్నాడు అని చెప్పాను. గోవిందు ఆశ్చర్యపోతాడనుకున్నాను. అతను విగ్రహాన్ని కళ్ళకద్దుకుని, తల దించుకునే మాట్లాడాడు.

“తెలుసునండి. తెలవాలనే తడిసి ఎల్లేవోణ్ణి. రెయిన్‌కోటు డిక్కీలోనే ఉండీది. గేటు బయట బండాపి, ఇప్పీసి, డిక్కీలో ఎట్టీసి నడిసెల్లేవోణ్ణి. కారమ్మేత్తన్నాను బావా అని నోటితో అనలేకపోనానండి. ఆయనికి ఇష్టం నేకపోతే ఒక్క మాట తిట్టీవోడు కదా. తిట్టనేదు.”

మా వరండా గ్రిల్లు మీద నీళ్ళు కారుతూ వేలాడిన ఆ రెయిన్‌కోటు అప్పుడు గుర్తొచ్చింది. అది చూసిన మర్నాడే అతన్ని ఆసుపత్రిలో తడిసి ముద్దయిన చొక్కాతో చూశాను. రెండూ నా కళ్ళ ముందే జరిగాయి. పెయింట్ మందంలో వెంట్రుకవాసి తేడా పట్టేవాణ్ణి, దాన్ని పట్టలేదు. అక్క కొంగుతో తల తుడుస్తుంటే అతను కదలకుండా మంచం కాళ్ళ దగ్గర ఎందుకు నిలబడ్డాడో, బావ అతన్ని పైనుంచి కింద దాకా అంతసేపు ఎందుకు చూశాడో అప్పుడు అర్థమైంది. నేను మధ్యవర్తిగా వెళ్ళాననుకున్న గదిలో, వాళ్ళ బేరం అప్పటికే కుదిరిపోయి ఉంది.

రిటైరయ్యేదాకా నా నియమం మార్చలేదు. విగ్రహంతో వచ్చిన కారును ఆపడం సరైన పనే. ఆ తరువాత నా కింద పనిచేసిన ఇవాల్యుయేటర్లకు ఒక పని అదనంగా అప్పగించాను: అలా ఆపిన ప్రతి కారు విషయంలో, సొంతదారు ఉన్నచోటికి స్వయంగా వెళ్ళి, ఎదురుగా కూర్చుని మాట్లాడి రావాలి. వెళ్ళినప్పుడు, కారు తెచ్చిన మనిషి ఆ గదిలో ఎలా నిలబడ్డాడో కూడా చూసి రావాలి. వాళ్ళు దీన్నీ వెక్కిరించారు. పాటించారు కూడా.